పులసమ్మాయికి వన్స్ మోర్

కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీలు ఎక్కడైనా కలిస్తే నన్ను ఒకటే అడుగుతుంటారు, "మీ సర్వీసులో మరిచిపోలేని మ్యాచ్ ఏది మేడమ్?" అని. ఏదో ఖోఖో ఫైనల్ గురించి చెబుతానని ఎదురుచూస్తారు. గెలిచిన మ్యాచ్‌లు నాకూ ఉన్నాయి. ఓడిపోయి అంపైరుతో పోట్లాడినవి అంతకంటే ఎక్కువే ఉన్నాయి. కానీ మరిచిపోలేనిది మాత్రం మ్యాచ్ కాదు, సినిమా. అందులో నా పని విజిల్ ఊదడం. అది కూడా ఊదకూడని చోట ఊదాను.

అప్పుడు నేను కోనసీమలో కాలవ గట్టునున్న ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పనిచేస్తున్నాను. రిటైర్మెంటు దగ్గరపడింది. బడిపిల్లల షార్ట్ ఫిల్ములకు పోటీ పెట్టారని, మన స్కూలు నుంచి కూడా ఒకటి పంపాలని కబురొచ్చింది. స్టాఫ్ రూములో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లెక్కల మాస్టారికి సిలబస్ ఉంది, సైన్సు మేడమ్‌కి ల్యాబ్ ఉంది, తెలుగు మాస్టారికి నడుంనొప్పి ఉంది. హెడ్మాస్టారి చూపు గదంతా తిరిగి తిరిగి నా మీద వాలింది.

"మీకు గ్రౌండు పనే కదండీ మేడమ్. కాస్త చూసిపెట్టండి" అన్నారు.

సర్వీసు పొడుగునా ఆ మాట వింటూనే ఉన్నాను. జెండా కట్టాలన్నా, భోజనాల దగ్గర క్యూ సర్దాలన్నా, పెద్దలెవరైనా వస్తే పూలు చల్లే పిల్లల్ని నిలబెట్టాలన్నా పీఈటీ ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలోనే, "చేస్తాను. మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదు" అనేశాను. కోపంలో ఒప్పుకున్న పనులే నా సర్వీసులో కాస్త బాగా జరిగాయి.

తోడుగా కంప్యూటర్ మాస్టారిని ఇచ్చారు. వయసులో నా కొడుకంత ఉంటాడు, ఓపిక మాత్రం నాకంటే ఎక్కువ. తన ఫోనుతోనే తీస్తాను, ముక్కలన్నీ కంప్యూటర్లో అతికిస్తాను అన్నాడు. ఇక కథ కావాలి. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని అడిగితే ప్లాస్టిక్ వాడొద్దు, చెట్లు నాటండి, చేతులు కడుక్కోండి అన్నారు. మనం ఏం వినాలనుకుంటామో పిల్లలకు బాగా తెలుసు. ఒక్క పిల్ల మాత్రం లేచి, "సూపర్‌హీరో సినిమా తీద్దాం మేడమ్" అంది.

పదో తరగతి పిల్ల. నా ఖోఖో జట్టులో పరుగు దానిదే. చిక్కినట్టే చిక్కి జారిపోయేది.

"ఏం సూపర్‌హీరోవే?" అన్నాను.

"పులసమ్మాయండి."

క్లాసు గొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవడో, "ఒరేయ్, టిక్కెట్టుకి పుస్తెలమ్ముకోవాలేమోరా!" అన్నాడు. నేను కూడా నవ్వాను. కథ విన్నాక నవ్వు ఆగింది.

ఒక బడిపిల్ల గొంతులో పులస ముల్లు గుచ్చుకుంటుంది. ఉత్త అన్నం ముద్ద మింగినా, అరటిపండు మింగినా దిగదు. పులస సముద్రంలోంచి వచ్చి గోదారి ఎర్రనీటికి ఎదురీదే చేప కదా, తెల్లారేసరికి ఆ బలం పిల్లకి వచ్చేస్తుంది. ఇక వరదలో కొట్టుకుపోయే మనుషుల్ని, గేదెల్ని ఒడ్డుకు చేరుస్తూ రోజూ బడికి ఆలస్యంగా వస్తుంది. పీఈటీ మేడమ్ రోజూ గ్రౌండు చుట్టూ పరిగెత్తిస్తుంది. వాళ్ళ నాన్న కాలవ లాకుల దగ్గర కాపలా. ఊరు ముంచాలని ఒక దుర్మార్గుడు లాకుల గేట్లు ఎత్తబోతే అడ్డుపడి ప్రాణం వదులుతాడు. ఆ సమయానికి పిల్ల బడిలో యూనిట్ టెస్టు రాస్తుంటుంది. మర్నాడు మళ్ళీ బడికి వెళ్ళాలి, ఇంకో టెస్టు రాయాలి, దుర్మార్గుడు మళ్ళీ లాకుల మీదికి వస్తే ఎదుర్కోవాలి.

"అంత బలముండి నాన్ననే కాపాడుకోలేకపోతే ఇంకేం సూపర్‌హీరోవే?" అన్నాను.

"అందుకే కదండీ మేడమ్ సినిమా" అంది.

నాన్న వేషం ఎవరికివ్వాలన్న ప్రశ్నే రాలేదు. ఆ పిల్ల నాన్న పగలు చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు, తీర్థాలు, జాతరలప్పుడు పద్యనాటకాల్లో వేషాలు కట్టేవాడు. పద్యం చివర అతను రాగమందుకుంటే టీ కొట్టువాడు కూడా గ్లాసు కింద పెట్టి వినేవాడని చెప్పుకునేవారు. అడగ్గానే తలపాగా తీసి, "ఆయ్! తప్పకుండా వత్తానండి. అమ్మాయి సినిమాకి నేను గాక ఇంకెవరొత్తారండి?" అన్నాడు.

ఆదివారాలు షూటింగు. నేను జీవితంలో కెమెరా ముందు నిలబడింది గ్రూపు ఫోటోలకే. "స్టార్ట్" అంటే పిల్లలు వినిపించుకోవడం లేదని మొదటిరోజే మెడలో విజిల్ తీసి ఊదాను. దుర్మార్గుడు, అతని మనుషులు, పులసమ్మాయి అందరూ ఫైటింగ్ ఆపేసి, పరుగున వచ్చి ఎత్తుల వారీగా లైనులో నిలబడ్డారు. మా బడిలో విజిల్‌కి అర్థం అది. విజిల్ ఊదితే నటించాలి అని నేర్పడానికి ఒక పూట పట్టింది. ఆ విజిల్ ఫోనులో కూడా రికార్డవుతోందన్న సంగతి నాకు తట్టలేదు. కంప్యూటర్ మాస్టారు తర్వాత తీసేయొచ్చులే అనుకున్నాడట. తీరా చూస్తే ప్రతిసారీ విజిల్ మీదే మొదటి మాట పడింది. విజిల్ తీస్తే మాట కూడా పోతుంది.

ఇంకో ఘోరం పులస. మేం షూటింగు మొదలుపెట్టేసరికి వరదనీరు తగ్గిపోయింది, పులస దొరికే కాలం కాదు. దొరికినా కొనే తాహతు స్కూలుకి లేదు. సంతలో బొచ్చె చేప తెచ్చి పళ్ళెంలో పెట్టించాను. సినిమాలో ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. గోదారి జిల్లాలో ఉంటూ ఆ మాట అనుకోవడం నా తెలివి. లాకుల మీదికి పిల్లల్ని మాత్రం ఎక్కనివ్వలేదు. పొలం పక్క బోదె కాలవలో మోకాలి లోతు నీళ్ళలో ఈదించి, ఫోను నేలకానించి తీయించాను. చూస్తే గోదారంత కనబడింది.

నాన్న చనిపోయే సీను రోజు పేచీ వచ్చింది. "ఏం మాట్లాడకుండా ఒరిగిపోవాలండీ, చాలు" అన్నాడు కంప్యూటర్ మాస్టారు.

"పద్యం లేకుండా చావమంటే ఎలాగండి బాబూ?"

"ఇది సూపర్‌హీరో సినిమా అండీ. పద్యాలేంటండీ ఇందులో?"

"సూపర్‌హీరో అది కదండి. నేను దాని నాన్నని. నా చావు నన్ను చావనివ్వండి."

తెలుగు మాస్టారిని నడుంనొప్పితో సహా ఇంటి నుంచి రప్పించి నాలుగు పాదాలు రాయించాం. పిల్ల నాన్న విజిల్ వినగానే లేచి నిలబడి, భుజం మీద కండువా సర్దుకుని పద్యమెత్తుకున్నాడు. చివర రాగం ఎంతసేపు తీశాడంటే దుర్మార్గుడి వేషం వేసిన కుర్రాడు కర్ర ఎత్తినచోటే చెయ్యి నొప్పెట్టి దించేశాడు. తర్వాత అతను ఒరిగితే, టెస్టు నుంచి పరుగున వచ్చిన పిల్ల గుండెల మీద పడి ఏడవాలి. అది ఫక్కున నవ్వింది. "చచ్చిపోయినోడి పొట్ట ఎగురుతోంది మేడమ్!" అంది. నాన్న కూడా కళ్ళు మూసుకునే నవ్వాడు. మళ్ళీ తీశాం. ఈసారి పిల్ల ఏడ్చింది, మేం బాగుందన్నాం, అతనికి నచ్చలేదు. "చావు సరిగ్గా కుదరలేదండి" అని లేచి మళ్ళీ చచ్చాడు.

టీ తాగేటప్పుడు ఒక సంగతి చెప్పాడు. "ఒక తీర్థంలో నేను చచ్చి పడ్డానండి. జనం వన్స్ మోర్ అన్నారు. లేచి, పంచె దులుపుకుని, మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చానండి. మళ్ళీ వన్స్ మోర్. మన గోదారోళ్ళు ఒక్క చావుతో వదలరండి మేడమ్‌గారూ. వన్స్ మోర్ అన్నాక చచ్చినోడైనా లేవాల్సిందే. అది జనానికి మనమిచ్చే మర్యాద."

మేం నవ్వాం. తర్వాతి ఆదివారం షూటింగు లేదు. పొద్దున్నే గుండెల్లో నొప్పన్నాడట. కాకినాడ తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు.

దినకార్యాలయ్యాక కూడా ఆ పిల్ల బడికి రాలేదు. పబ్లిక్ పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఓదార్చడం నాకు చేతకాదు. దెబ్బ తగిలితే అయోడిన్ రాసి లేపడమే నేర్చుకున్నాను. తల్లి కుర్చీ వేసి, "అన్నం తింటుందండి, మాటే లేదండి" అంది. పిల్ల గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చుంది.

"రేపు పీటీ పీరియడ్‌కి రావే. చదవొద్దు, రాయొద్దు. సినిమా గురించి కూడా ఎవరూ అడగరు. నువ్వు లేక జట్టు ఓడిపోతోంది" అన్నాను.

జట్టు ఓడిపోవడం మాత్రం నిజం. అది మర్నాడు వచ్చింది. ఖోఖో ఆడింది. కొన్నాళ్ళకు తరగతుల్లో కూడా కూర్చుంది.

ఈలోగా స్టాఫ్ రూములో సినిమా పంచాయితీ నడిచింది. పిల్లని ఏడిపించడమెందుకు, ఆపేద్దాం అన్నారు హెడ్మాస్టారు. నాన్న సీను తీసేసి, ఊరెళ్ళాడని ఒక మాట పెట్టి సరిపెడదాం అన్నాడు కంప్యూటర్ మాస్టారు. ఇద్దరిదీ మంచి మనసే. నేను ఇద్దరి మీదా అరిచాను గానీ, ఏం చేయాలో నాకూ తెలియదు. గుమ్మం దగ్గర అటెండెన్సు రిజిస్టరు ఇవ్వడానికి వచ్చిన ఆ పిల్ల అంతా విన్నది.

"తీసెయ్యకండి సార్. సరిగ్గా రావాలని నాన్న అన్నిసార్లు చేశాడు. మిగిలింది నేను చేసేత్తాను. చూడమని మాత్రం నన్ను అడక్కండి" అంది.

మిగిలినవి రెండు. లాకుల ఫైటింగు ఒకటి, దానికి ముందు నాన్న పోయిన మర్నాడు పులసమ్మాయి బడికొచ్చే సీను ఒకటి. పీఈటీ మేడమ్ వేషం నాదే. ఆ పిల్ల ఆలస్యంగా గేటులోంచి వస్తుంది, సంగతి తెలియని నేను ఎప్పటిలా తిట్టి గ్రౌండు చుట్టూ పరిగెత్తమనాలి. పిల్ల వచ్చి నా ముందు నిలబడింది. జీవితమంతా పిల్లల్ని తిట్టి బతికినదాన్ని, ఆ ఒక్కరోజు ఒక్క తిట్టు రాలేదు.

"తిట్టండి మేడమ్" అంది మెల్లగా. "రోజూ తిట్టినట్టే తిట్టండి."

తిట్టాను. ఏం తిట్టానో సినిమాలో ఉంది, నేను ఇప్పటికీ దాన్ని సరిగ్గా వినలేను. పిల్ల పరుగు మొదలెట్టింది. ఒక చుట్టు చాలు, ఆపమని విజిల్ ఊదాను. ఆగలేదు. నా విజిల్‌కి ఆగకపోవడం దానికదే మొదటిసారి. మళ్ళీ ఊదబోయి, విజిల్ కిందికి వదిలేశాను. కంప్యూటర్ మాస్టారు ఫోను దించలేదు. పిల్ల తిరిగి తిరిగి, ఏడుపంతా అయిపోయాక వచ్చి నా పక్కన చతికిలపడి, "ఫైటింగ్ ఎప్పుడు మేడమ్?" అంది. ఆ ఫైటింగులో దుర్మార్గుడి వేషం వేసిన కుర్రాడు నిజంగానే బెదిరి బోదెలోంచి పారిపోయాడు.

పోటీకి పంపాం. బహుమతి రాలేదు. సినిమా నిండా విజిల్ శబ్దాలు వినబడుతున్నాయని ఒక ముక్క మాత్రం చెప్పారు. స్టాఫ్ రూములో నాలుగు రోజులు నన్ను చూస్తే చాలు ఎవరో ఒకరు సన్నగా ఈల వేసేవారు. వార్షికోత్సవంలో వేద్దామంటే, "ఓడిపోయింది, పైగా చావు సీను, పండగలాంటి రోజున ఎందుకండీ?" అన్నారు హెడ్మాస్టారు. మధ్యలో ఎవరూ వేలు పెట్టకూడదన్న మాట గుర్తుచేశాను. ఆయన తలపట్టుకుని ఒప్పుకున్నారు.

వార్షికోత్సవం సాయంత్రం ఊరు ఊరంతా బడి ఆవరణలో ఉంది. స్టేజీ మీద తెల్లగుడ్డ కట్టాం. ముందు వరసలో ముసలి హార్మోనిస్టు కర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల నాన్న పాడిన పద్యాలన్నింటికీ ఏళ్ళ తరబడి పెట్టె వాయించింది అతనే. ఆడవాళ్ళ వైపు పిల్ల తల్లి ఉంది. పిల్ల ఎక్కడా కనబడలేదు. వెతికితే తెర వెనకాల మెట్ల మీద తల వంచుకుని కూర్చుంది. "మీరు వెళ్ళండి మేడమ్, నేనిక్కడుంటాను" అంది.

సినిమా మొదలైంది. పళ్ళెంలో చేప కనబడగానే జనంలోంచి, "అది పులస కాదర్రా, బొచ్చె!" అని కేక. ఆవరణంతా నవ్వులు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మొదటి విజిల్ వినబడగానే చాపల మీదున్న మా పిల్లలు అలవాటుకొద్దీ నిటారుగా సర్దుకున్నారు, కొందరు లేచి నిలబడ్డారు. మళ్ళీ నవ్వులు. పులసమ్మాయి గేదెను ఒడ్డుకు లాగితే చప్పట్లు.

అప్పుడు ఆ సీను వచ్చింది. విజిల్. నాన్న లేచి, కండువా సర్దుకుని, పద్యమెత్తుకున్నాడు. నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. రాగం సాగుతుంటే హార్మోనిస్టు వేళ్ళు కర్ర మీద కదులుతున్నాయి. అతను ఒరిగిపోయాడు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హెడ్మాస్టారు నావైపు చూసిన చూపుకి నేను తలదించుకున్నాను. తప్పు చేశానేమో అనిపించింది. తెర వెనకున్న పిల్ల దగ్గరికి వెళ్దామని లేచాను.

ముందు వరసలో కర్ర టక్కుమంది. ముసలాయన నిలబడ్డాడు.

"వన్స్ మోర్!" అన్నాడు.

అందరూ అతనివైపు తిరిగారు. రెండోసారి ఇంకా గట్టిగా అన్నాడు, "వన్స్ మోరండీ!" వెనకనుంచి ఇంకెవరో అందుకున్నారు. ఆ తర్వాత ఎవరు అన్నారో, ఎవరు అనలేదో చెప్పలేను. ఊరు ఊరంతా అరిచింది. కంప్యూటర్ మాస్టారు కంగారుగా నావైపు చూశాడు.

"ఎక్కడి నుంచి వెయ్యను మేడమ్?"

"విజిల్ దగ్గర్నుంచి వెయ్యి" అన్నాను.

పోటీలో మా పరువు తీసిన విజిల్ కూసింది. చనిపోయిన మనిషి లేచి నిలబడి కండువా సర్దుకున్నాడు. ఆవరణ దద్దరిల్లింది. తల్లి నోటి మీది కొంగు తీసేసి ఏడుస్తూనే నవ్వింది. పద్యం మళ్ళీ నడుస్తుండగా తెర అంచు కదిలింది. పిల్ల బయటికొచ్చి, వెలుతురుకి అడ్డంగా నిలబడి, తల పైకెత్తి నాన్ననే చూస్తోంది. దాని నీడ తెర మీద నాన్న పక్కన పడింది. పక్కకి జరగమని ఒక్కరూ అనలేదు. రాగం అయ్యేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. నాన్న రెండోసారి ఒరిగాడు.

పిల్ల జనంవైపు తిరిగింది. కళ్ళు, ముక్కు కారిపోతున్నాయి. రెండు చేతులూ నోటికి అడ్డంపెట్టి, ఖోఖోలో కూడా ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

"వన్స్ మోర్!"

మీలాంటి కొత్తవాళ్ళకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. గ్రౌండు పనే కదా అని ఎవరైనా నెత్తిన ఇంకో పని రుద్దితే బాగా కోప్పడండి. కోప్పడ్డాక ఒప్పుకోండి. మెడలో విజిల్ మాత్రం తియ్యకండి. ఎందుకంటే ఆ మూడోసారి కంప్యూటర్ మాస్టారు ఎన్నిసార్లు నొక్కినా సినిమా వెనక్కి జరగలేదు. జనం ఆగేలా లేరు, పిల్ల తెరవైపే చూస్తోంది. నేను నా విజిల్ నోట్లో పెట్టుకుని ఊపిరంతా పెట్టి ఊదాను.

మర్యాద తెలిసిన మనిషి. లేచాడు.